కాల్చిన కోడి కాట్లు

ఆ సర్క్యులర్ మా ఆఫీసుకు వచ్చిన రోజు కాంటీన్లో చికెన్ పకోడీ వేస్తున్నారు. అందుకని దాన్ని ఎవరూ చదవలేదు.

మాది కాకినాడలోని ప్రాంతీయ పరిమాణ నిర్ణయ సంస్థ. బకెట్ పిడి ఎంత మందం ఉండాలి, కిటికీ గడియ ఎంత పొడవుండాలి, గరిటె గుంత ఎంత లోతుండాలి అన్నవి నిర్ణయించి పుస్తకంలో రాసి పెట్టడం మా పని. ఆ పుస్తకం చూసి ఎవరైనా బకెట్లు చేస్తారా అన్నది మా పరిధిలోకి రాదు. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. పేరు హైమవతి. స్టేషనరీ, ఫ్యాన్లు, కాంటీన్, ఈ మూడు ఫైళ్ళూ నావే.

కాంటీన్ నడిపేది నూకరత్నం. జగన్నాథపురం మనిషి. ఇద్దరు తోడికోడళ్ళను సాయం పెట్టుకుని పదకొండేళ్ళుగా మాకు వండి పెడుతోంది. మూడిళ్ళ పొయ్యిలూ ఆ కాంటీన్ మీదే వెలుగుతున్నాయి. గురువారం ఆవిడ పకోడీ వేస్తే ఆ రోజు ఎవరూ సెలవు పెట్టరు. పెట్టినవాళ్ళు కూడా పదకొండు గంటలకు ఏదో కాగితం మర్చిపోయామని వస్తారు.

నాలుగు రోజుల తరవాత సూపరింటెండెంట్ బుర్రా త్రివిక్రమరావుగారు ఆ సర్క్యులర్‌ను తీరిగ్గా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివి, కాంటీన్లోకి నడిచారు. ఫైలు నాది కాబట్టి వెనకాలే నేనూ వెళ్ళాను. ఆయన గొంతు సవరించుకుని పైకి చదివారు.

"సిబ్బంది ఆరోగ్య పరిరక్షణ దృష్ట్యా కాంటీన్లలో నూనెలో వేయించిన పదార్థములను తక్షణమే నిలుపుదల చేయవలెను. వాటి స్థానే ఆరోగ్యకర కాల్చిన కోడి కాట్లను, ఆసియా తరహా ముంచుడు ద్రవముతో సరఫరా చేయవలెను. ప్రతి కాటును ఒక నోటికి సరిపడు పరిమాణములో కోయవలెను. ఇరవై ఒక్క దినములలో ప్రధాన కార్యాలయము వారు తనిఖీ జరుపుదురు. విఫలమైన కాంటీన్లను మూసివేసి, మీట నొక్కినచో బిస్కెట్లు పడు యంత్రములను అమర్చెదరు."

నూకరత్నం చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "కాట్లేంటండి? కోడి ఎవర్ని కరిసిందండి?"

"కరవలేదు. కాల్చాలి."

"కరవకపోతే ఎందుక్కాల్చడవండీ దాన్ని?"

జతపరిచిన ఇంగ్లీషు కాగితం నేను చూస్తే సంగతి తెలిసింది. చికెన్ బైట్స్. అనువాద విభాగంలో ఎవరో బైట్‌ను కాటు చేశారు. ఎముకలేని చిన్న ముక్కల్ని నూనె లేకుండా ఓవెన్లో కాల్చి, సాస్‌లో ముంచుకు తినడం, అంతే. నేను చదివి అర్థం చెబుతుంటే నూకరత్నం వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ విన్నది. అయిపోయాక "ఓస్, ఇంతేనాండి" అంది.

ప్రధాన కార్యాలయం వారు పంపిన ఓవెన్ బీరువా అంత ఉంది. మర్నాడే పొద్దున్నే నూకరత్నం ముక్కలు కోసి, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాల పొడి, నిమ్మరసం పట్టించి గంటసేపు పక్కన పెట్టింది. పైన అద్దడానికి కార్న్‌ఫ్లేక్స్ పొడి అని కాగితంలో ఉంది. "అయ్యెందుకండి, అటుకులు దోరగా ఏయించి దంచితే కరకరలాడవాండి?" అని గుడ్డు తెల్లసొనలో ముంచి అటుకుల పొడిలో దొర్లించింది. సాస్‌కి సోయా, తేనె, వెనిగర్, సన్నగా తరిగిన వెల్లుల్లి, ఎండుమిర్చి, వేయించిన నువ్వులు. అన్నీ చిన్న మంట మీద కలిపి, వేలితో నాకి చూసి, మొహం అటూ ఇటూ తిప్పి, మనసుకి పట్టక, రవ్వంత చింతపండు గుజ్జు వేసింది. అప్పుడు నవ్వింది.

ఆ వాసన రెండో అంతస్తు దాకా వెళ్ళింది. జనం మెట్ల మీద బారులు తీరారు. యాభై ఆరేళ్ళ మా అటెండరు యేసుపాదం మొదటి ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "అమ్మాయ్, ఇందులో నూనె లేదంటే నేనొప్పుకోను" అన్నాడు.

"లేదు బాబాయ్. ఒట్టు."

"అయితే ఇంకో నాలుగెయ్యి. తేల్చేస్తాను."

కథ ఇక్కడ అయిపోవాలి. కానీ మా డైరెక్టరు పాలపర్తి చిదంబరేశ్వరరావుగారు కూడా ఒక ముక్క తీసుకున్నారు. ఆయన సన్నగా, నీటుగా ఉంటారు. ఇడ్లీని ఎనిమిది ముక్కలు చేసుకుని తినే మనిషి. ఆ ముక్క ఆయన నోట్లోకి ఒకేసారి వెళ్ళలేదు. సగం కొరికి, మిగతా సగాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"ఇది రెండు కాట్లయింది" అన్నారు.

మిగతావాళ్ళు తమ చేతుల్లోని ముక్కల్ని తిప్పి చూసుకున్నారు.

మధ్యాహ్నం సమావేశం. డైరెక్టరుగారు ఆ సగం ముక్కను కాగితం మీద పెట్టి బల్ల మధ్యలోకి జరిపారు. "పరిమాణ నిర్ణయ సంస్థలో పరిమాణం నిర్ణయించని పదార్థాన్ని భుజించడం సంస్థ గౌరవానికి భంగకరం. ఒక నోటికి సరిపడు, అన్నారు. ఏ నోటికి?"

త్రివిక్రమరావుగారు తల పంకించారు. "మౌలికమైన ప్రశ్న సార్. ఇంతకాలం ఎవరికీ తట్టలేదు."

నోళ్ళు కొలవాలని తీర్మానించారు.

మర్నాడు వరండాలో బల్ల వేసి, ఉక్కు కొలపట్టెలు పెట్టి, త్రివిక్రమరావుగారే స్వయంగా కూర్చున్నారు. రిజిస్టరు నా చేతిలో ఉంది. పేరు, హోదా, మామూలుగా తెరిచినప్పుడు, ఆవులించినప్పుడు, నవ్వినప్పుడు అని గళ్ళు గీయించారు. నవ్వినప్పటి గడి నింపడానికి మహా కష్టమైంది, ఆయన్ని ఎదురుగా చూస్తూ ఎవరికీ నవ్వు రాలేదు. రికార్డు రూములో పనిచేసే పెద్దాయన కట్టుడు పళ్ళు తీసి కొలవాలా, పెట్టుకుని కొలవాలా అని అడిగారు. అరగంట చర్చించి ఆయనకు రెండు నోళ్ళు రాశాం, పనివేళల నోరు, సెలవురోజుల నోరు. ప్రసూతి సెలవులో ఉన్న టైపిస్టు తన నోటి కొలతను గెజిటెడ్ అధికారి సంతకంతో పోస్టులో పంపింది. కాంట్రాక్టు సిబ్బంది నోళ్ళను తాత్కాలిక నోళ్ళుగా నమోదు చేశాం, ఏడాదికోసారి పొడిగించుకోవాలి.

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. ఆఫీసులో అన్నిటికంటే పెద్ద నోరు యేసుపాదానిది, ఆరున్నర సెంటీమీటర్లు. అన్నిటికంటే చిన్నది డైరెక్టరుగారిది, మూడు.

త్రివిక్రమరావుగారి మొహంలో రంగు పోయింది. "రిజిస్టరులో పొరపాటు దొర్లింది" అని డైరెక్టరుగారి గదిలోకి కొలపట్టెలు పట్టుకు వెళ్ళారు. తలుపులు వేసుకుని మళ్ళీ కొలిచారు. మూడుం పావు వచ్చింది. ఇంకోసారి ప్రయత్నిస్తే చెవి దగ్గర టక్కుమన్న శబ్దం వచ్చిందట. అంతటితో విరమించారు.

రెండ్రోజులకు ఉత్తర్వులు వెలువడ్డాయి. భౌతిక నోరు వేరు, హోదా నోరు వేరు అన్నారు. భౌతిక నోరు ఉద్యోగి వ్యక్తిగత విషయం, సంస్థకు సంబంధం లేదు. హోదా నోరు మాత్రమే లెక్క. డైరెక్టరుకు ఏడు సెంటీమీటర్లు, సూపరింటెండెంటుకు ఆరు, సీనియర్ అసిస్టెంటుకు అయిదు, జూనియర్‌కు నాలుగు, అటెండరుకు మూడు, తాత్కాలిక నోటికి రెండు. ఎవరి ముక్క వారి హోదా నోటికి సరిపడా ఉండాలి. ఇతరుల ముక్క తినడం క్రమశిక్షణ ఉల్లంఘన.

నాది అయిదు సెంటీమీటర్లు. అబద్ధం చెప్పను, ఆ ఉత్తర్వు అందిన రోజు ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను.

యేసుపాదానికి ప్రత్యేకంగా మెమో ఇచ్చారు. "మీ నోరు నేటి నుండి మూడు సెంటీమీటర్లుగా పరిగణింపబడును." అతను అందినట్టు సంతకం పెట్టి నోరు వెళ్ళబెట్టాడు. అది కూడా నిబంధనలకు మించే ఉంది.

ఉద్యోగుల సంఘం ఊరుకోలేదు. సమాన పనికి సమాన నోరు కావాలని గేటు దగ్గర నినాదాలు చేసింది. ఒకే రోజు ఉద్యోగంలో చేరిన ఇద్దరు జూనియర్లు, తమలో ఎవరి నోరు సీనియరో తేల్చమని అర్జీలు పెట్టుకున్నారు. ఈ గొడవల్లో పడి తనిఖీకి తొమ్మిది రోజులే ఉందన్న సంగతి మాకెవరికీ పట్టలేదు. నూకరత్నానికి తప్ప.

ఆ సమయంలోనే త్రివిక్రమరావుగారికి సాస్ గుర్తొచ్చింది. ఆవిడను పిలిపించారు. "ఆసియా తరహా అని స్పష్టంగా ఆదేశించారు. నువ్వు చేస్తున్నది ఆసియా తరహా అనడానికి ఆధారం ఏమిటి?"

"నేను చేత్తున్నానుగా అండి."

"నువ్వు చేస్తే?"

"కాకినాడ ఆసియాలో లేదాండి?"

ఆయన నావైపు చూశారు. నేను అట్లాసు తెచ్చాను. ఆయన భూతద్దం పెట్టి వెతికి, "ఉన్నట్టే కనిపిస్తోంది" అని ఒప్పుకున్నారు. "కానీ నువ్వు ఆసియాలో ఉన్నట్టు రుజువు ఏది?"

మర్నాడు నూకరత్నం నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకొచ్చింది. నూకరత్నమనే నేను ఆసియాలో పుట్టి, ఆసియాలో పెరిగి, ఆసియాలోనే పెళ్ళి చేసుకుని, నేటి వరకు ఆసియా దాటి ఎన్నడూ వెళ్ళలేదని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను, అని. కింద తోడికోడళ్ళిద్దరూ సాక్షి సంతకాలు చేశారు. త్రివిక్రమరావుగారు చాలా తృప్తిపడి ఫైల్లో పెట్టించారు. ఇంత నిర్దుష్టమైన పత్రం తన సర్వీసులో చూడలేదన్నారు.

అసలు చిక్కు ఓవెన్లో వచ్చింది. అన్ని హోదాల ముక్కలూ ఒకేసారి, ఒకే పళ్ళెంలో, హోదాల వరసలో తనిఖీ అధికారి ముందుంచాలని నిబంధన. ఏడు సెంటీమీటర్ల ముక్క ఉడికేలోగా రెండు సెంటీమీటర్లది బొగ్గవుతుంది. రెండుది సరిగ్గా కాలితే ఏడుది లోపల ఎర్రగానే ఉంటుంది. నూకరత్నం ఈ మాటే చెప్పింది. సాంకేతిక అభ్యంతరాలు లిఖితపూర్వకంగా ఇమ్మన్నారు. నాచేత రాయించి ఇచ్చింది. కాగితం అయిదు బల్లలు తిరిగి డైరెక్టరుగారి ఆకుపచ్చ సంతకంతో తిరిగొచ్చింది. "హోదాల వారీగా వేడిని అందించవలసిందిగా ఓవెన్‌కు తగు ఆదేశాలు జారీ చేయవలెను."

జారీ చేశాం. ఓవెన్ తలుపుకు అంటించాం. ఓవెన్ సంతకం చేయలేదు కాబట్టి, అందినట్టు యేసుపాదం దాని తరఫున చేశాడు.

తనిఖీ ముందు రోజు నాలుగు గంటల టీకి వెళితే, నూకరత్నం ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పళ్ళెంలో ఒకవైపు నల్లటి రాళ్ళు, ఇంకోవైపు తెల్లటి ముద్దలు. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, కోపంగా ఉంది.

"హైమమ్మగారూ, పదకొండేళ్ళలో ఎవరికీ కొలిచి పెట్టలేదండి నేను. యేసుపాదం బాబాయ్ మధ్యాన్నం ఏం తినకుండా వత్తాడు, ఆయనకి రెండెక్కువేత్తాను. పెద్దసారికి పళ్ళు సలుపు, మెత్తనియ్యి ఏరి పంపుతాను. ఎవరికెంత కావాలో నాకు తెలీదాండి? రేపు తనిఖీకొచ్చే అమ్మగారు ఈ బొగ్గులు తిని నా వంట బాలేదనుకుంటాది కదండీ. మూసేత్తే మూసేశారు. నా వంట బాలేదనుకుంటాదండి!"

చేతిలో ఉన్న టీ తాగి, "టీ బాగుంది" అన్నాను. అంతకంటే తెలివైన మాట ఆ క్షణంలో నాకు దొరకలేదు.

మర్నాడు పదకొండు గంటలకు తనిఖీ అధికారి పద్మాక్షిగారు వచ్చారు. అంత పెద్ద హోదా మనిషి చాలా పొట్టిగా, చేతిసంచీతో, రైలు ప్రయాణపు బడలికతో ఉన్నారు. డైరెక్టరుగారికంటే పై హోదా కాబట్టి ఆవిడ నోటిని ముందుగానే ఎనిమిది సెంటీమీటర్లుగా నిర్ణయించి ఉంచాం.

సమావేశ మందిరంలో తెల్లగుడ్డ పరిచి పళ్ళెం పెట్టారు. ఒక్కో ముక్క మీద హోదా రాసిన చిన్న జెండా. నూకరత్నం తెల్లవారకముందే వచ్చి పెద్ద ముక్కల్ని సన్నటి సెగ మీద గంటన్నర ఉంచి లోపలిదాకా ఉడికించింది. వాటి పక్కన తాత్కాలిక సిబ్బంది ముక్కలు ఆవగింజల్లా అయిపోయాయి. పద్మాక్షిగారి జెండా ఉన్న ముక్క దాదాపు కొబ్బరిచిప్పంత ఉంది. ఆవిడ దాన్ని ఆపాదమస్తకం చూశారు.

"ఇదేమిటి?"

"కాటు మేడం" అన్నారు త్రివిక్రమరావుగారు. "తమది."

"ఒక నోటికి సరిపడేదేనా ఇది?"

"నిబంధనల మేరకు సరిపోవును. డైరెక్టరుగారు ప్రదర్శించి చూపుతారు."

ఈ ప్రదర్శన సంగతి డైరెక్టరుగారికి ముందు తెలిసినట్టు లేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు మనిషి. ఏడు సెంటీమీటర్ల ముక్కను సాస్‌లో ముంచి, కళ్ళు మూసుకుని, మూడుం పావు నోట్లోకి రెండు బొటనవేళ్ళతో తోశారు. ముక్క వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"భేష్" అన్నారు పద్మాక్షిగారు అనుమానంగా. "ఈ పథకం మీద మీ అభిప్రాయం?"

"మ్మ్ఫ్" అన్నారు డైరెక్టరుగారు.

"సార్ సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేస్తున్నారు" అని త్రివిక్రమరావుగారు చెప్పారు. నేను రాసుకున్నాను.

"కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయే?"

"ఆరోగ్యం అంటే సారుకు అంత అభిమానం మేడం."

"మొహం నీలంగా..."

"ఎహె, తప్పుకోండి!" అని వెనకనుంచి కేక వినిపించింది. నూకరత్నం సూపరింటెండెంటుగారిని ఒక్క తోపు తోసి, డైరెక్టరుగారిని ముందుకు వంచి, వీపు మీద అరచేత్తో చరిచింది. ఒకటి. రెండు. మూడో దెబ్బకు ముక్క తుపాకీ గుండులా వెలువడి బల్ల దాటి వెళ్ళి, నా ఒళ్ళోని నోళ్ళ రిజిస్టరు మీద, మొదటి పేజీలో, మొదటనున్న ఆయన పేరు ఎదుటే పడింది.

డైరెక్టరుగారు గాలి పీల్చుకున్నారు. యేసుపాదం మంచినీళ్ళు పట్టించాడు. చాలాసేపటికి ఆయన నోట మాట వచ్చింది.

"అమ్మా" అన్నారు నూకరత్నంతో. అంతే అన్నారు.

నూకరత్నానికి అప్పుడు భయం వేసింది. చేతులు పమిటకు తుడుచుకుంటూ, మూసేసిన కాంటీన్ కళ్ళముందు కనిపిస్తున్నట్టు నిలబడిపోయింది. పద్మాక్షిగారు కలం తీశారు. ఆవిడ చెయ్యి కొంచెం వణుకుతోంది. అది కోపమేనని మేమందరం అనుకున్నాం. నూకరత్నం ఒక్కత్తే అలా అనుకోలేదు.

"అమ్మగారూ, పొద్దున్నుంచీ ఏవన్నా తిన్నారాండి?"

పద్మాక్షిగారు తలెత్తి చూశారు. పూలగుత్తి ఇచ్చాం, శాలువా కప్పాం, ఫైళ్ళు చూపించాం. ఈ ప్రశ్న ఎవరం అడగలేదు.

"లేదమ్మా. నాలుగింటికి బయల్దేరాను."

"ఉండండి, ఇప్పుడే వత్తాను" అని నూకరత్నం పరుగున వెళ్ళింది. తనకూ, తోడికోడళ్ళకూ, యేసుపాదానికీ అని విడిగా కాల్చుకున్నవి వంటగదిలో ఉన్నాయి. వేడివేడిగా, అన్నీ మొదటి రోజు కోసినట్టే, ఎవరి నోరూ చూడకుండా కోసినవి. పక్కన చిన్న గిన్నెలో సాస్, పైన తేలుతున్న నువ్వులు.

పద్మాక్షిగారు ఒకటి ముంచుకుని తిన్నారు. కరకరమన్న శబ్దం మందిరమంతా వినిపించింది. రెండోది తిన్నారు. నాలుగోదానికి శాలువా తీసి పక్కన పెట్టారు. తొమ్మిదోదానికి కుర్చీ వెనక్కి వాలారు.

"ఇది ఏ హోదా ముక్క?"

"హోదా లేదండి. మేం తిందావని చేసుకున్నయ్యండి."

"ఎన్ని సెంటీమీటర్లు?"

"కొలవలేదండి" అంది నూకరత్నం తల వంచుకుని.

పద్మాక్షిగారు వేళ్ళు తుడుచుకుని తనిఖీ నివేదికలో రెండే వాక్యాలు రాశారు. అవి నాకు కంఠతా వచ్చు. "కాంటీన్ కొనసాగవలెను. ముక్క పరిమాణం: నూకరత్నం కోసినంత."

ఆ సాయంత్రం నోళ్ళన్నీ రద్దయ్యాయి. యేసుపాదం తన పాత నోరు తిరిగి వచ్చిన సందర్భంగా పధ్నాలుగు ముక్కలు తిన్నాడు. మర్నాడు డైరెక్టరుగారు కాంటీన్‌కు స్వయంగా నడిచొచ్చి, కిటికీ దగ్గర నిలబడి, మెల్లగా అడిగారు. "నాకు కొంచెం చిన్నవి కోస్తావా అమ్మా?"

"ఇదుగోండి, మీకు ఇందాకే కోసి పెట్టానండి" అని ఆవిడ పళ్ళెం అందించింది. ఆయన అక్కడే నిలబడి తిన్నారు. ఒక్కోటీ ఆయన నోట్లోకి ఒకేసారి వెళ్ళింది.

నెల తిరక్కుండా ప్రధాన కార్యాలయం నుంచి మరో లేఖ వచ్చింది. "నూకరత్నం కోసినంత" అన్నది ఇప్పుడు అధికారిక పరిమాణం కనుక, దాని మూల నమూనాను భద్రపరచవలసి ఉందనీ, ఒక ముక్కను సీలు వేసి తెచ్చేందుకు ముగ్గురు సభ్యుల బృందం మూతతో కూడిన గాజు జాడీతో బయల్దేరిందనీ రాశారు.

బృందం గురువారం వచ్చింది. ఒకటి ఎంచుకోమని నూకరత్నం పన్నెండు ముక్కలున్న పళ్ళెం ముందు పెట్టింది. ఏది సరైన నమూనానో తేల్చుకోవడానికి సభ్యులు తలా ఒకటి రుచి చూశారు. అభిప్రాయ భేదం వచ్చి మళ్ళీ చూశారు. పన్నెండోది తినేశాక, నమూనా లభ్యం కాలేదని నివేదిక రాసుకుని వెళ్ళారు.

తరవాతి గురువారం మళ్ళీ వచ్చారు. ఆ పై గురువారం ఇంకో ఇద్దరు నిపుణులను వెంటబెట్టుకొచ్చారు. ప్రయత్నాలు కొనసాగుతున్నాయి. గాజు జాడీని ప్రతిసారీ మోయడం దండగని ఇక్కడే వదిలి వెళ్ళారు. నూకరత్నం అందులో నువ్వులు పోసుకుంటోంది.